డీజిల్ పికప్: కిలోమీటరుకు అరుగుదల ఎంత?

భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ కర్మాగారంలో పని కోసం వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ తయారయ్యే రైలు పట్టాలు దేశమంతటా పరచుకున్నాయి. ఊళ్లో మాత్రం కూరగాయలు, సిమెంటు బస్తాలు, వర్క్‌షాపుల్లో చేసిన విడిభాగాలు తిరిగేది చిన్న డీజిల్ పికప్ బళ్లలోనే. అప్పు చేసి బండి కొని, తానే నడుపుకునే మనిషికి నెలాఖరున మిగిలేదెంత? అది కిరాయి మీదే కాదు, బండిని చూసుకునే తీరు మీద కూడా ఆధారపడుతుంది. ఎలాగో చూద్దాం.

దుమ్ముతో పోరాటం

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనాన్ని మండిస్తుంది. డీజిల్ ఇంజనులో ఆ పని వేడి గాలిది. సిలిండరులోని గాలిని పిస్టను సుమారు పదహారో వంతుకు నొక్కేసరికి దాని ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అప్పుడు చిమ్మిన డీజిల్ దానంతట అదే అంటుకుంటుంది. పిస్టను రింగులు అరిగితే గాలి సందుల్లోంచి జారిపోతుంది. బండి తెల్లవారుజామున ఒక పట్టాన స్టార్టు కాదు, పొగ ఎక్కువవుతుంది.

రింగులను అరగదీసే వాటిలో ముఖ్యమైనది దుమ్ము. లీటరు డీజిల్ పూర్తిగా మండడానికి కనీసం 10,000 లీటర్ల గాలి కావాలి. లీటరుకు 12 కి.మీ. నడిచే బండి 10,000 కి.మీ. తిరిగేసరికి 80 లక్షల లీటర్లకు పైగా గాలి పీలుస్తుంది. ఘనమీటరు గాలిలో ఒక్క మిల్లీగ్రాము దుమ్ము ఉందనుకున్నా అది 8 గ్రాములవుతుంది. ఖనిజం, సిమెంటు మోసే లారీల వెనక వెళ్లే బండి సంగతి చెప్పనక్కర్లేదు. ఇసుకలోని క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలమానంలో 7. మామూలు ఇనుము దాని ముందు మెత్తనిదే. అందుకే చిరిగిన ఎయిర్ ఫిల్టరు వాడడం ఇంజనులో సాన పొడి పోయడంతో సమానం.

ఆయిల్ ఎందుకు మార్చాలి?

ఇంజన్ ఆయిల్ నల్లబడగానే చెడిపోయిందని అనుకోకండి. మసి గడ్డకట్టకుండా దాన్ని తనలో నిలుపుకోవడం ఆయిల్‌లో కలిపిన రసాయనాల పని. మరికొన్ని రసాయనాలు ఆమ్లాలను తటస్థీకరిస్తాయి. ఇవి వాడేకొద్దీ ఖర్చయిపోతాయి. కొలపుల్ల మీద ఆయిల్ మట్టం సరిగానే కనిపించినా దాని రక్షణ తగ్గిపోయి ఉండవచ్చు. మార్చే గడువు కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. దుమ్ములో, ఎక్కువ బరువుతో తిరిగే బండికి ఆ గడువును కుదించాలి.

డీజిల్ ఫిల్టరుదీ ఇదే కథ. నేటి ఇంజన్లలో డీజిల్‌ను 1,600 బార్ల వరకు, అంతకు మించి కూడా ఒత్తిడితో, వెంట్రుకంత సన్నని రంధ్రాల గుండా చిమ్ముతారు. పంపుకు కందెన కూడా ఆ డీజిలే. అందులో నీరు చేరినా, కిరోసిన్ కలిపినా ముందు దెబ్బతినేవి పంపూ, ఇంజెక్టర్లే.

2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బి.ఎస్. 6 ప్రమాణాలతో మరో పని వచ్చింది. చాలా బళ్లలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసిని కాల్చివేయాలంటే పొగగొట్టం బాగా వేడెక్కాలి. ఎప్పుడూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండికి ఆ అవకాశం దొరకదు. హెచ్చరిక దీపం వెలిగితే పట్టించుకోకుండా తిరగకూడదు.

లెక్క వేద్దాం

ఉదాహరణకు కొన్ని అంకెలు అనుకుందాం. ఆయిల్, ఫిల్టర్లకు 10,000 కి.మీ.కు 6,000 రూపాయలు: కిలోమీటరుకు 60 పైసలు. 28,000 రూపాయల టైర్లు 40,000 కి.మీ. నడిస్తే 70 పైసలు. బ్రేకులకు 20, క్లచ్‌కు 15, బ్యాటరీ, గ్రీజు వగైరాలకు 25 పైసలు. మొత్తం కిలోమీటరుకు 1 రూపాయి 90 పైసలు. నెలకు 3,000 కి.మీ. తిరిగితే 5,700 రూపాయలు.

ఇప్పుడు డీజిల్ చూడండి. లీటరు 96 రూపాయలనుకుంటే, 12 కి.మీ. మైలేజీకి కిలోమీటరు ఖర్చు 8 రూపాయలు. టైర్లలో గాలి తగ్గి, బ్రేకులు పట్టేసి, ఇంజెక్టర్లు అరిగి మైలేజీ 11కి దిగితే అదే 8 రూపాయల 73 పైసలవుతుంది. అంటే ఆయిల్, ఫిల్టర్ల పూర్తి ఖర్చుకన్నా ఎక్కువే డీజిల్ రూపంలో పోతుంది. ఇక ఇంజను విప్పాల్సి వస్తే ఆ ఖర్చుకు తోడు బండి ఆగిన రోజుల కిరాయి కూడా పోతుంది. అప్పు వాయిదా మాత్రం ఆగదు.

కర్మాగారం ఈ పాఠాన్ని ఏనాడో నేర్చుకుంది. బ్లాస్ట్ ఫర్నేస్ లోపలి ఇటుకలు అరుగుతాయని ముందే తెలుసు. కాబట్టి కూలేదాకా ఆగకుండా, ముందే తేదీ నిర్ణయించి ఫర్నేస్ ఆపి కొత్త ఇటుకలు కడతారు. పికప్ యజమాని కూడా తిరిగిన ప్రతి కిలోమీటరుకూ రెండు రూపాయలు విడిగా తీసిపెడితే, సర్వీసింగు రోజున చేతులు తడుముకోవలసిన పని ఉండదు.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటి బండి ఉంటే ఒక నోటుపుస్తకం తీసుకోండి. తేదీ, కిలోమీటర్లు, పోసిన డీజిల్, మార్చిన భాగం, ధర రాయండి. మూడు నెలల తర్వాత మైలేజీ గ్రాఫు గీయండి. గీత ఎక్కడ కిందికి వంగిందో అక్కడినుంచి మెకానిక్‌తో మాట మొదలుపెట్టవచ్చు.