గార తీసే చెయ్యి, నేర్పే మాట

పళ్లకు పట్టిన పాచిని, గారను తీసి, పంటికి మెరుగు పెట్టి, నోటిని శుభ్రంగా ఉంచుకోవడం ఎలాగో నేర్పే వృత్తి డెంటల్ హైజీనిస్టుది. పన్ను పీకడం, పిప్పిపన్ను నింపడం, రూట్ కెనాల్ చేయడం ఇందులోకి రావు. 1948 నాటి దంతవైద్యుల చట్టం ఈ వృత్తిని స్పష్టంగా నిర్వచించింది. డాక్టర్లకు ఒక రిజిస్టరు, కట్టుడు పళ్లు చేసే మెకానిక్కులకు ఒకటి, హైజీనిస్టులకు ఒకటి ఉండాలని చెప్పింది. ఆ చట్టం స్థానంలోకి తేవడానికి 2023లో పార్లమెంటు జాతీయ దంత కమిషన్ చట్టం చేసింది. ఇన్నేళ్ల గుర్తింపు ఉన్నా, కృష్ణా డెల్టాలో ఈ పేరు విన్నవాళ్లు తక్కువ. విజయవాడలోనైనా, పామర్రులోనైనా చాలా క్లినిక్కుల్లో స్కేలింగు, అంటే గార తీయడం, చేసేది బి.డి.ఎస్. చదివిన డాక్టరే.

ఈ వృత్తికి పుట్టినిల్లు అమెరికా. కనెక్టికట్ రాష్ట్రం బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఆల్‌ఫ్రెడ్ ఫోన్స్ అనే దంతవైద్యుడు 1906లో తన సహాయకురాలు ఐరీన్ న్యూమన్‌కు గార తీయడం నేర్పాడు. 1913లో అదే ఊళ్లో తొలి శిక్షణ తరగతి మొదలైంది. పన్ను పాడయ్యాక బాగుచేయడం కన్నా పాడవకుండా చూడటం తేలికన్నది ఆయన నమ్మకం. అందుకే ఆయన దగ్గర చదివినవాళ్లు ముందుగా వెళ్లింది బడిపిల్లల దగ్గరికి. మన దేశంలో హైజీనిస్టు శిక్షణ ఇంటర్‌లో సైన్సు చదివినవారికి రెండేళ్ల కోర్సు. శరీర నిర్మాణం, సూక్ష్మజీవులు, పోషణ, క్రిమి నివారణ వంటి పాఠాలుంటాయి. అసలు చదువు మాత్రం రోగి కుర్చీ పక్కనే. విజయవాడ ప్రభుత్వ దంత కళాశాలలోనూ, గన్నవరం దగ్గర చినఅవుటపల్లిలోని సిద్ధార్థ దంత కళాశాలలోనూ బి.డి.ఎస్. విద్యార్థులు చిగుళ్ల విభాగంలో మొదట పట్టే పనిముట్లు కూడా గార తీసే స్కేలర్లే.

మొదటి నెలల్లో విద్యార్థికి మనిషి నోరు చూపించరు. ప్లాస్టిక్ పళ్లు బిగించిన నమూనా దవడ ముందు కూర్చోబెడతారు. స్కేలరును పెన్ను పట్టినట్టు పట్టాలి. కానీ మధ్యవేలి కొస పనిముట్టు కాడకు ఆనాలి, ఉంగరపు వేలు పక్క పంటి మీద ఊతంగా నిలవాలి. ఆ ఊతం లేకపోతే పనిముట్టు జారి చిగురు తెగుతుంది. గారను చెక్కే కదలిక వేళ్లలోంచి కాదు, మణికట్టు నుంచి, ముంజేతి నుంచి రావాలి. వేళ్లతో లాగే అలవాటు పడిన విద్యార్థి చెయ్యి గంటకే బిగుసుకుపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ బిగువు నొప్పిగా మారుతుంది. కూచిపూడిలో పిల్లలకు అడుగు స్థిరపడేదాకా అభినయం జోలికి పోనివ్వరు. ఇక్కడా అంతే, ఊతం కుదిరాకే వాదర. ఆ వాదర పంటి పక్కకు దాదాపు సమాంతరంగా చిగురు కిందికి దిగాలి. గార కిందికి చేరాక 45 నుంచి 90 డిగ్రీల మధ్యకు తిరిగి, పైకి లాగాలి. కోణం తగ్గితే గార ఊడిరాదు, పైపైన నునుపెక్కి పంటినే అంటిపెట్టుకుంటుంది. చిగురు కింద కంటికి ఏమీ కనిపించదు. పనిముట్టు కొసన తగిలే గరుకును బట్టే తెలుసుకోవాలి. ఆ స్పర్శ పుస్తకంతో రాదు.

కొలవడం కూడా విద్యే. విలియమ్స్ ప్రోబ్ అనే సన్నటి కడ్డీ మీద 1, 2, 3, 5, 7, 8, 9, 10 మిల్లీమీటర్ల గీతలుంటాయి. చదవడంలో పొరపాటు రాకుండా 4, 6 గీతలు వదిలేశారు. ఆరోగ్యంగా ఉన్న చిగురు, పంటి మధ్య సందు లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. అంతకు మించి లోతు ఉండి, తాకగానే రక్తం వస్తే జబ్బు మొదలైనట్టు లెక్క. ప్రోబును నొక్కే బలం సుమారు 25 గ్రాములు దాటకూడదని చెబుతారు. కొన్ని శిక్షణ తరగతుల్లో దీన్ని చిన్న త్రాసు మీద నొక్కించి అలవాటు చేయిస్తారు. ఇక కరెంటు స్కేలరు కొస సెకనుకు 25 వేల సార్లు, అంతకు పైగా కూడా కంపిస్తుంది. వేడెక్కకుండా నీరు చిమ్ముతూనే ఉండాలి. యంత్రం ఉంది కదా అని చేతి పనిముట్టు నేర్వని విద్యార్థి సగం నేర్చినట్టే.

చెయ్యి కుదిరాక రావలసింది మాట. గార తీయిస్తే పళ్లు వదులవుతాయన్న భయం డెల్టా పల్లెల్లో గట్టిగా ఉంది. ఆ భయం ఊరికే పుట్టలేదు. ఏళ్ల తరబడి పేరుకున్న గార పళ్ల మధ్య సందుల్ని సిమెంటులా పూడ్చేస్తుంది. కింద ఎముక అరిగిపోయినా పళ్లు కదలనట్టే ఉంటాయి. గార తీసిన మరునాడు సందు నాలుకకు తగులుతుంది, చన్నీళ్లు తాగితే జివ్వుమంటుంది. పన్నును వదులు చేసింది గారే, స్కేలింగు కాదు. ఈ మాట పనిముట్టు చేతికి తీసుకోకముందే చెప్పాలి. పని అయ్యాక చెబితే సాకులా వినిపిస్తుంది. మంచి శిక్షకులు విద్యార్థుల చేత ఈ సంభాషణను ఒకరికొకరు రోగిగా కూర్చుని పదేపదే చేయిస్తారు.

పాచి వల్లే చిగుళ్లు వాస్తాయని చెప్పడానికి హరాల్డ్ లో అనే దంతశాస్త్రవేత్త 1965లో డెన్మార్కులోని ఆర్హుస్‌లో చేసిన ప్రయోగం ఇప్పటికీ తొలి పాఠం. చిగుళ్లు బాగున్న 12 మంది పళ్లు తోమడం మానేశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెడితే తగ్గిపోయాయి. ఈ కథ చెబితే చదువు రాని పెద్దమ్మకు కూడా విషయం అర్థమవుతుంది.

తెలుగు నేల మీద పనిచేసే హైజీనిస్టుకు తెలుగు నేల జబ్బులు తెలియాలి. కనిగిరి, దర్శి, పొదిలి ప్రాంతాల్లోనూ, నల్లగొండలోనూ పళ్లపై కనిపించే గోధుమరంగు చారలు గార కాదు. పన్ను తయారయ్యే వయసులోనే నీటిలోని ఫ్లోరైడు వల్ల పంటిలోకి దిగిన మచ్చ అది. దాన్ని గీకితే పంటి పైనున్న పింగాణీ పొర పోతుంది తప్ప మచ్చ పోదు. శ్రీకాకుళం ప్రాంతంలో చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది. 10,169 మంది గ్రామస్థులను పరీక్షించిన పిండ్‌బోర్గ్ అనే పరిశోధకుడి బృందం, అంగిలి మీద దాని నష్టాన్ని 1971లో నమోదు చేసింది. గార తీయించుకోవడానికి వచ్చినావిడ అంగిటిలో తెల్లటి మచ్చను హైజీనిస్టు చూసి డాక్టరుకు చూపించగలిగితే ఒక ప్రాణం దక్కవచ్చు. అందుకే నోరంతా వెతకడం శిక్షణలో భాగం.

కూచిపూడిలో అమెరికా తెలుగువాళ్ల సిలికానాంధ్ర సంస్థ సంజీవని ఆసుపత్రి కట్టించింది. ఆసుపత్రి ఎంత దగ్గరకొచ్చినా, కచ్చికతోనో ఇటుకపొడితోనో పళ్లు రుద్దే అలవాటును మాన్పించేది వీధి అరుగు మీద కూర్చుని మాట్లాడే మనిషే. వేపపుల్లను వెక్కిరించనక్కర్లేదు. దాన్ని మెత్తగా నమిలి, చిగుళ్లు గీరుకోకుండా తోమడం చూపిస్తే చాలు. విద్యార్థుల్ని బడులకు, శిబిరాలకు పంపడం ఇందుకే. షుగరు ఉన్నవారికి చిగుళ్ల జబ్బు ముదురుతుందని, చిగుళ్ల జబ్బు షుగరును అదుపు తప్పిస్తుందని చెప్పే అవకాశం అక్కడే దొరుకుతుంది.

పట్టా చేతికొచ్చాక చదువు ఆగకూడదు. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు, ఆటోక్లేవులో 121 డిగ్రీల వేడి, వాదర నూరుకోవడం ఎప్పటికప్పుడు సరిచూసుకునే అలవాట్లు. కొత్త పనిముట్లు, ఎక్స్‌రే పద్ధతులు, కూర్చునే భంగిమ వర్క్‌షాపుల్లో నేర్చుకోవచ్చు. బ్రిటన్‌లో 2013 మే నుంచి హైజీనిస్టు దగ్గరికి డాక్టరు చీటీ లేకుండా నేరుగా వెళ్లవచ్చు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఈ వృత్తికి జాతీయ పరీక్ష, రాష్ట్ర లైసెన్సు రెండూ కావాలి. ఫ్లోరిడా వంటి చోట విదేశీ దంతవైద్య పట్టభద్రులు కూడా హైజీనిస్టు లైసెన్సుకు ప్రయత్నించవచ్చు.

ఈ కోర్సులో చేరే ఇంటర్ విద్యార్థులు, వారి తల్లిదండ్రులు కళాశాలకు గుర్తింపు ఉందో లేదో, చదువు అయ్యాక రాష్ట్ర దంత మండలి పేరు నమోదు చేస్తుందో లేదో ఫీజు కట్టకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. చట్టం ప్రకారం రిజిస్టరులో పేరు లేనివారు పళ్లకు గార తీయకూడదు.