మంచి దుంప విత్తనానికే

గుజరాత్ రాష్ట్రంలో జునాగఢ్ దగ్గర ఒక ఊరు. అక్కడి రైతు వల్లభ్‌భాయ్ మర్వానియా. ఆయన పెద్ద చదువులు చదవలేదు. 1943లో ఆ ప్రాంతంలో క్యారెట్ దుంపల్ని పశువులకు మేతగా వేసేవారు. పాలు బాగుంటాయని అలా చేసేవారు. వల్లభ్‌భాయ్ వాటిని పండించి బజారులో అమ్మారు. మంచి ధర వచ్చింది.

ఆయన అంతటితో ఆగలేదు. మంచి దుంపల్ని ఏరి విత్తనానికి ఉంచారు. ఏటేటా అదే పని. అలా వచ్చిన రకమే 'మధుబన్ గాజర్'. గాజర్ అంటే క్యారెట్. 2019లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

దుంపను మనం తినేస్తాం. మరి విత్తనం ఎలా వస్తుంది?

రంగు, రుచి, పొడవు బాగున్న దుంపలు ఏరాలి. పగిలినవీ, పాయలుగా చీలినవీ తీసెయ్యాలి. ఏరిన దుంపల తల భాగం కోసి మళ్ళీ నాటాలి. అది చిగురు వేసి, పూత పూసి, గింజ కడుతుంది. ఆ దగ్గర్లో వేరే రకం క్యారెట్ పూయకూడదు. తేనెటీగలు ఆ పుప్పొడి తెస్తే రకం కలిసిపోతుంది.

మంచి దుంప అమ్మేసి, నాసి దుంప విత్తనానికి ఉంచితే పంట ఏటేటా తగ్గుతుంది. తల్లి ఎలాంటిదో పిల్లా అలాంటిదే. అందుకే ముందు విత్తనానికి తీయాలి. తర్వాతే సంతకు.