సర్వర్ రాలేదంటే బియ్యం ఎక్కడ ఆగినట్లు?
తొండూరు నుంచి బెంగుళూరు దాకా వేలిముద్ర ప్రయాణం

తొండూరు: బియ్యం బస్తాలు దుకాణంలోనే ఉంటాయి. డీలరు ఎదురుగానే ఉంటాడు. కార్డుదారు చేతిలో సంచి సిద్ధంగా ఉంటుంది. అయినా ఒక్కొక్కసారి గింజ కదలదు. ‘సర్వర్ రావడం లేదు, సాయంత్రం రాండి’ అన్న మాట వినడం, ఆ పూట కూలి పోగొట్టుకుని ఇంటిదారి పట్టడం పల్లెల్లో చాలామందికి అనుభవమే.

పూర్వం కరణం ఊళ్లో లేడనో, తహశీల్దారు క్యాంపుకు పోయినాడనో పనులు ఆగిపోయేవి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. 1985లో మండలాలు వచ్చాయి. ఇప్పుడు ఆ సాకుల స్థానంలో సర్వర్ వచ్చి కూర్చున్నది. కరణం ఇల్లయినా ఊరందరికీ తెలిసేది. ఈ సర్వర్ ఎక్కడుంటుందో, ఎందుకు రాదో విడమరచి చెప్పేవారు లేరు. నిజానికి రానిది ప్రతిసారీ సర్వరే కానక్కరలేదు. దానికీ దుకాణానికీ నడుమ పెక్కు మజిలీలున్నాయి. వాటిలో ఏ ఒక్కటి తెగినా సంచి ఖాళీగానే ఉంటుంది. ఏది తెగిందో తెలిస్తేనే ఎవరిని అడగాలో తెలుస్తుంది.

అడిగేది ఒకటి, ఇచ్చేది మరొకటి

కంప్యూటర్ల లోకంలో అడిగే యంత్రాన్ని క్లయింటు అనీ, అడిగినది ఇచ్చే యంత్రాన్ని సర్వర్ అనీ అంటారు. మల్లేలలోనైనా, ఇనగలూరులోనైనా, భద్రంపల్లెలోనైనా చౌకధరల దుకాణంలో కనిపించే ఈ-పాస్ యంత్రం క్లయింటు. రాష్ట్రంలో ఈ యంత్రాల వాడకం 2015లో మొదలయింది. దీనిలో కార్డుదారుల చిట్టా ఉండదు. ఎవరికి ఎన్ని కిలోలు రావాలో దీనికి తెలియదు. ప్రతి మాటా పైకి పంపి అడిగి తెలుసుకోవలసిందే.

డీలరు కార్డు నంబరు కొట్టగానే ఆ ప్రశ్న యంత్రంలోని సిమ్ కార్డు ద్వారా సమీపంలోని సెల్ టవరుకు పోతుంది. అక్కడి నుంచి పౌరసరఫరాల సర్వర్‌కు చేరుతుంది. కుటుంబ సభ్యుల పేర్లు తిరిగి వస్తాయి. అప్పుడు కార్డుదారు వేలు పెడతారు. ఆ వేలిముద్రకు యంత్రంలోనే సంకేతాలతో తాళం పడుతుంది. అది రాష్ట్ర సర్వర్‌ను దాటి, అనుమతి పొందిన సంస్థల ప్రత్యేక లైన్ల మీదుగా ఆధార్ కేంద్ర భాండాగారానికి వెళుతుంది. ఆ భాండాగారాలు బెంగుళూరులోని హెబ్బాళలోనూ, హర్యానాలోని మనేసర్‌లోనూ ఉన్నాయి. అక్కడి నుంచి వచ్చే జవాబు ‘అవును’ లేక ‘కాదు’ మాత్రమే. ‘అవును’ అన్న జవాబు వచ్చిన దారినే తొండూరు చేరితే తూకం మొదలవుతుంది, చీటీ బయటికి వస్తుంది. అన్నీ సవ్యంగా ఉంటే ఇదంతా కొద్ది క్షణాల పని.

ఈ ప్రయాణంలో సమాచారం ఒకే మూటగా పోదు. చిన్న చిన్న పొట్లాలుగా విడిపోయి, ప్రతి పొట్లం మీదా చేరవలసిన చిరునామాతో బయలుదేరుతుంది. పూర్వపు రిజిస్టరు ఉత్తరానికి అక్నాలెడ్జిమెంటు కార్డు తిరిగి వచ్చినట్లు, పొట్లం అందినట్లు రసీదు వస్తుంది. రాకపోతే మళ్లీ పంపుతారు. 1983 జనవరి 1న అమెరికాలోని ఆర్పానెట్ అనే కంప్యూటర్ల వల ఈ పద్ధతికి మారింది. నేటి ఇంటర్‌నెట్ నడుస్తున్నది ఆ నియమాల మీదనే.

మధ్యవర్తి లేనిదే బేరం లేదు

దారి ఉన్నంత మాత్రాన మాట కుదరదు. ఒక్కొక్క యంత్రానిది ఒక్కొక్క భాష, ఒక్కొక్క లెక్క. పులివెందులలో చీనీ రైతుకూ, దూరప్రాంతపు వ్యాపారికీ నడుమ మండీదారు నిలబడతాడు. ఇద్దరి మాటా వింటాడు, తూకం చూస్తాడు, చీటీ రాస్తాడు. కంప్యూటర్ల మధ్య ఆ పని చేసే ప్రోగ్రాములకు మిడిల్‌వేర్ అని పేరు. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో సాఫ్ట్‌వేర్ నిపుణులు జరిపిన సమావేశపు నివేదికలోనే ఈ మాట కనిపిస్తుంది. వచ్చిన ప్రశ్నను అవతలివారి భాషలోకి మార్చడం, అడిగినవారికి అధికారం ఉన్నదో లేదో చూడడం, రద్దీగా ఉంటే వరుసలో నిలబెట్టడం, జరిగినదంతా చిట్టాలో ఎక్కించడం దాని విధులు.

తెలుగునాట ఈ కంప్యూటర్ల కూడిక కొత్తదేమీ కాదు. రైల్వే రిజర్వేషన్లకు కాన్సర్ట్ అనే ఏర్పాటు 1994లో మొదట సికింద్రాబాదులోనే అమలయింది. ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, మద్రాసు, సికింద్రాబాదు కేంద్రాలు ఐదూ 1999 నాటికి దాని ద్వారా ఒకదానితో ఒకటి కలిశాయి. అంతవరకు ఏ కేంద్రం లెక్క ఆ కేంద్రానిదే.

రేషను బియ్యానికీ అటువంటి కలయికే జరిగింది. 2019 ఆగస్టు 9న ఆంధ్రప్రదేశ్, తెలంగాణాల మధ్య ఒక రాష్ట్రపు కార్డు మీద మరో రాష్ట్రంలో సరుకు తీసుకునే వీలు ప్రయోగాత్మకంగా ఏర్పడింది. అదే రోజున గుజరాత్, మహారాష్ట్రల మధ్య కూడా మొదలయింది. 2022 జూన్‌లో అస్సాం చేరికతో దేశమంతటా అమలులోకి వచ్చింది. రెండు రాష్ట్రాల సర్వర్ల నడుమ ఒక కేంద్ర వ్యవస్థ మధ్యవర్తిగా నిలవడం వల్లనే ఇది సాధ్యమయింది. పనికోసం బెంగుళూరు వెళ్లిన కూలీ అక్కడి దుకాణంలో వేలు పెడితే, సొంత రాష్ట్రపు చిట్టాలో అతని వాటా తగ్గుతుంది. రెండు చోట్లా తీసుకునే అవకాశం ఉండదు.

ఎక్కడెక్కడ తెగుతుంది?

మొదటిది సిగ్నల్. టవరుకు దూరంగా ఉన్న పల్లెలో, కరెంటు పోయి టవరు ఆగిన వేళ, ప్రశ్న ఊరు దాటదు. సర్వర్ నిక్షేపంగా ఉన్నా యంత్రం దానిని చూడలేదు. రెండవది రద్దీ. 2021 నుంచి ఇంటింటికీ తిరిగిన రేషను వాహనాలను ఆపివేసి, 2025 జూన్ 1 నుంచి తిరిగి దుకాణాల్లోనే సరుకు ఇస్తున్నారు. నెలలో 1 నుంచి 15వ తేదీ వరకు గడువు. రాష్ట్రమంతా మొదటి రోజుల్లోనే వరుస కడితే మధ్యవర్తి వద్ద ప్రశ్నలు గుట్టపడతాయి. మూడవది వేలు. పార పట్టిన చేతుల్లో, శనగ పీకిన వేళ్లలో గీతలు అరిగిపోతాయి. అప్పుడు దారి బాగానే ఉన్నా ‘సరిపోలలేదు’ అని జవాబు వస్తుంది. నాలుగవది చిట్టాలో తప్పు. ఆధార్ నంబరు తప్పుగా ఎక్కితే ఎన్నిసార్లు వేలు పెట్టినా ప్రయోజనం ఉండదు.

ఈ నాలుగూ వేర్వేరు రోగాలు. సాయంత్రం రమ్మంటే మొదటి రెండూ నయం కావచ్చు. మిగిలిన రెండింటికీ ఆ మందు పనిచేయదు. అన్నిటికీ ‘సర్వర్ రాలేదు’ అన్న ఒకే పేరు పెట్టడం వల్ల అరిగిన వేళ్ల ముసలమ్మ నెలనెలా తిరుగుతూనే ఉంటుంది.

జవాబు దారిలో పోతే

అన్నిటికంటె చిక్కైనది మరొకటి ఉన్నది. ప్రశ్న చేరి, సర్వర్ ‘ఇచ్చినట్లు’ రాసుకుని, జవాబు మాత్రం తిరుగుదారిలో పోతే ఏమవుతుంది? యంత్రం పని జరగలేదంటుంది, చిట్టా జరిగిందంటుంది. సంచి మాత్రం ఖాళీ. దీనికి విరుగుడుగా ప్రతి లావాదేవీకి ఒక నంబరు వేస్తారు. అదే నంబరుతో ప్రశ్న రెండవసారి వస్తే, మంచి మధ్యవర్తి కొత్తగా కోత వేయదు, పాత జవాబునే మళ్లీ పంపుతుంది. కనుక యంత్రం మధ్యలో ఆగినపుడు ‘ఈ నెల సరుకు ఇచ్చినట్లు నమోదయిందా?’ అని మళ్లీ చూపించమనడం కార్డుదారుకు అవసరం. అచ్చయిన చీటీ చేతికి తీసుకోవడం అంతకన్నా అవసరం.

దారి తెగినా హక్కు తెగదు

జాతీయ ఆహార భద్రతా చట్టం 2013లో వచ్చింది. దాని ప్రకారం అర్హులైన కుటుంబాలకు మనిషికి 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోల ధాన్యం రావాలి. 2023 జనవరి 1 నుంచి ఇది ఉచితం. నెట్‌వర్క్ లేదనో, వేలిముద్ర పడలేదనో సరుకు నిరాకరించరాదని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరు 24న రాష్ట్రాలకు స్పష్టంగా ఆదేశాలు పంపింది. అటువంటి సమయంలో కార్డులు చూసి, పుస్తకంలో రాసుకుని ఇవ్వాలి. కంటిపాప ద్వారా, ఫోనుకు వచ్చే నంబరు ద్వారా గుర్తించే పద్ధతులూ ఉన్నాయి. రావలసిన ధాన్యం అందకపోతే ఆహార భద్రతా భత్యం చెల్లించాలని కూడా చట్టంలో ఉన్నది. ఫిర్యాదుకు 1967 నంబరు ఉన్నది.

యంత్రం తెర మీద విఫలమైన ప్రతిసారీ ఒక కారణం, ఒక కోడ్ నంబరు వస్తాయి. వేలిముద్ర సరిపోకపోతే ఆధార్ కేంద్రం పంపే కోడ్ 300. అది డీలరుకు కనిపిస్తుంది గాని, వరుసలో నిలబడిన మనిషికి అందదు. ఆ కారణాన్నే తెలుగులో, తేదీతో సహా చిన్న చీటీ మీద అచ్చువేసి చేతికిస్తే సగం చిక్కు విడిపోతుంది. సిగ్నల్ లోపమైతే టెలిఫోన్ కంపెనీని, వేలి లోపమైతే ఆధార్ కేంద్రాన్ని, చిట్టాలో తప్పైతే సచివాలయాన్ని నిలదీయవచ్చు. వేలిముద్రను బెంగుళూరు దాకా పంపి తిరిగి రప్పించగల యంత్రానికి ఒక చీటీ ముక్క అచ్చువేయడం భారం కాదు. పౌరసరఫరాల అధికారులు ఈ విషయమై ఆలోచించడం మంచిది.