కాన్పుతో ముగియని పని

బిడ్డ బయటపడి మాయ పడిపోగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. అప్పటిదాకా తల్లి మీదున్న చూపంతా బిడ్డ మీదికి మళ్లుతుంది. ఆస్పత్రుల తీరూ అంతే. నెలనెలా పిలిచి బరువు, బీపీ, రక్తం చూసిన వైద్యులు, కాన్పయ్యాక కొద్దిరోజుల్లోనే ఇంటికి పంపించి మళ్లీ ఆరు వారాలకు రమ్మంటారు. శరీరం లెక్క వేరు. తొమ్మిది నెలలపాటు నింపాదిగా పెరిగినవన్నీ కొద్ది వారాల్లో తగ్గాలి, పైగా అదే సమయంలో పాల ఉత్పత్తి అనే కొత్త పని మొదలు కావాలి. పైకి మంచం మీద పడుకున్నట్టే కనిపించే బాలింత ఒంట్లో కండరాలు, రక్తం, మూత్రపిండాలు, హార్మోన్లు అన్నీ ఒక్కసారిగా పని చేస్తుంటాయి. అందుకే ఆమెకు ఇంటిపని నుంచి విశ్రాంతి కావాలి. అలాగని నీళ్లు, తిండి, కదలిక, వైద్యుల పర్యవేక్షణ తగ్గించకూడదు. మన దగ్గర మాత్రం పథ్యం పేరుతో మొదటి మూడింటికీ కోత పడుతోంది, నాలుగోది పట్టించుకునేవాళ్లు లేక తగ్గిపోతోంది.

ముందు గర్భసంచి సంగతి చూద్దాం. నెలలు నిండేసరికి దానికి నిమిషానికి అరలీటరుకు పైగా రక్తం అందుతుంటుంది. మాయ ఊడివచ్చిన చోట ఆ రక్తనాళాల నోళ్లు తెరుచుకునే ఉంటాయి. అయినా చాలామంది తల్లులకు అతిగా రక్తం పోదంటే కారణం గర్భసంచి కండరాల అల్లిక. అడ్డదిడ్డంగా అల్లుకున్న ఆ పోగులు ముడుచుకున్నప్పుడు వాటి మధ్యనుంచి వెళ్లే నాళాలు నొక్కుకుపోతాయి. రక్తం గడ్డకట్టడం ఆ తర్వాత జరిగే పని. కండరం పట్టు సడలితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది కాబట్టే బిడ్డ పుట్టిన వెంటనే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తారు. బిడ్డ చనుబాలు తాగినప్పుడల్లా తల్లి మెదడు నుంచి సహజంగా విడుదలయ్యేదీ ఇదే హార్మోన్. పాలిచ్చేటప్పుడు పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి రావడానికి కారణం అదే. రెండో కాన్పు, మూడో కాన్పు అయినవాళ్లకు ఆ నొప్పి ఎక్కువ. కాన్పు నాటికి సుమారు కిలో బరువుండే గర్భసంచి వారానికి అరకిలోకు, ఆరు వారాలకు వంద గ్రాముల లోపుకు దిగుతుంది. బొడ్డు దగ్గర చేతికి తగిలే దాని పైఅంచు రోజుకు సుమారు ఒక వేలు మందం కిందికి జారుతూ రెండు వారాలకు కటి ఎముకల వెనక్కి చేరుతుంది. కండర కణాల సంఖ్య పెద్దగా తగ్గదు. ఒక్కో కణం తన లోపలి సరుకును తానే జీర్ణం చేసుకుని చిన్నదవుతుంది.

మాయ అతుక్కుని ఉన్న చోట అరచేతి వెడల్పున పచ్చిపుండు మిగులుతుంది. చర్మం మీద గాయం మానినట్టు అక్కడా మచ్చ కడితే, నాలుగు కాన్పులయ్యేసరికి గర్భసంచి లోపల మరో మాయ నాటుకునే చోటే ఉండదు. అందుకే కింది నుంచి, పక్కల నుంచి కొత్త పొర పెరుగుతూ పాతదాన్ని పైకి నెట్టేస్తుంది. మచ్చ మిగలని ఈ మరమ్మతుకు దాదాపు ఆరు వారాలు పడుతుంది. బయటికి పోయే స్రావం రంగును బట్టి అది ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవచ్చు. మూడు నాలుగు రోజులు ఎర్రగా, తర్వాత పదో రోజు వరకు గోధుమ గులాబీ రంగులో, ఆపైన పసుపు తెలుపులోకి మారుతుంది. తగ్గిన ఎరుపు మళ్లీ ఎక్కువైనా, దుర్వాసన వేసినా మరమ్మతు చెడిందని అర్థం. బాలింత జ్వరానికి దారి ఈ పుండే. వైద్యులు, మంత్రసానుల ద్వారానే ఆ జ్వరం ఒక బాలింత నుంచి మరో బాలింతకు పాకుతోందని 1795లో స్కాట్లండ్ వైద్యుడు అలెగ్జాండర్ గోర్డన్ రాశాడు. 1847లో వియన్నాలో వైద్యుడు సెమ్మెల్‌వైస్ క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడిగించడంతో అతని వార్డులో మరణాలు బాగా పడిపోయాయి. ఇద్దరి మాటా తోటి వైద్యులకు రుచించలేదు. వైద్యంలోనూ ఆచారం సాక్ష్యానికి అంత తేలిగ్గా తలవంచదు.

ఇక మన ఇళ్లలోని ఆచారాల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది బాలింతకు నీళ్లు తగ్గించడం. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పరిమాణం నలభై శాతానికి పైగా పెరుగుతుంది. అలా చేరిన నీరంతా కాన్పయ్యాక రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా ఎక్కువ మూత్రంగా, చెమటగా బయటికి పోతుంది. ఆ పైన పాలు పడతాయి. పాలు బాగా పడ్డాక రోజుకు ముప్పావు లీటరు దాకా తయారవుతాయి, వాటిలో 87 శాతం నీరే. ఇన్ని దారుల్లో నీరు పోతున్న మనిషికి దాహం వేయడం సహజం. మరోవైపు, కాన్పులో రక్తం పోకుండా కాపాడటానికి గర్భవతి రక్తానికి గడ్డకట్టే గుణం పెరిగి ఉంటుంది, అది వెంటనే తగ్గదు. కాలిఫోర్నియాలో తొలి కాన్పు అయిన 16 లక్షలకు పైగా స్త్రీల వివరాలతో 2014లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. సిరల్లో గడ్డలు, పక్షవాతం, గుండెపోటు కలిపి చూస్తే, ఏడాది తర్వాతి కాలంతో పోల్చినప్పుడు మొదటి ఆరు వారాల్లో ముప్పు దాదాపు 11 రెట్లు ఉంది. పన్నెండు వారాల దాకా కూడా అది రెట్టింపుగానే ఉంది. అంత తేలిగ్గా గడ్డకట్టే రక్తంలో నీరు కూడా తగ్గితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. బాలింతల మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టే జబ్బును దక్షిణాది నాడీవైద్యులు దశాబ్దాలుగా గమనిస్తున్నారు. దానికి తోడ్పడే వాటిలో ఒంట్లో నీరు తగ్గడాన్ని, రక్తహీనతను వాళ్లు ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకుంటారు.

నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని, కుట్లకు చీము పడుతుందని, పాలు తాగే బిడ్డకు జలుబు చేస్తుందని పెద్దలు భయపడతారు. కాన్పు తర్వాత పొట్ట ఎత్తుగా ఉండేది గర్భసంచి ఇంకా పూర్తిగా తగ్గక, కండరాలు సాగి ఉన్నందువల్ల. తాగిన నీళ్లు పొట్టలో నిలవ ఉండవు. చీము సూక్ష్మక్రిముల వల్ల పడుతుంది. తల్లి చన్నీళ్లు తాగినా వేడినీళ్లు తాగినా పాల వేడిమి ఆమె ఒంటి వేడిమే. కాచి చల్లార్చిన నీళ్లే ఇస్తామంటే అభ్యంతరం లేదు, అది మంచిదే. దాహం తీరేటంత ఇస్తున్నారా లేదా అన్నదే అసలు ప్రశ్న.

తిండి విషయంలోనూ పొరపాటు పెట్టేదానిలో లేదు. శొంఠి, వాము, వెల్లుల్లి కారం, నెయ్యి వేసి కలిపిన అన్నం బాలింతకు చెరుపు చేయదు. మానిపించే పప్పు, ఆకుకూర, గుడ్డు, పండు, పెరుగు లేకపోవడమే చెరుపు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి మామూలు కన్నా రోజుకు 600 కేలరీలు, సుమారు 17 గ్రాముల ప్రొటీన్ అదనంగా కావాలి. కారం, నెయ్యి అన్నంతో కేలరీలు వస్తాయేమో కానీ ఆ ప్రొటీన్ రాదు. పైగా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ఎక్కువమంది కాన్పుకు ముందే తక్కువ రక్తంతో ఉన్నారు, కాన్పులో ఇంకొంత పోగొట్టుకుంటున్నారు. కాన్పు తర్వాత 180 రోజులు ఐరన్ మాత్రలు వేసుకోవాలన్న ప్రభుత్వ నియమం అందుకే. బిడ్డ పుట్టగానే ఆ మాత్రలు ఆపేయడం చాలా ఇళ్లలో జరిగే పని.

కదలిక గురించి కొత్తగా ఆలోచించాల్సిన అవసరం మన రెండు రాష్ట్రాలకు మరీ ఎక్కువ. అదే సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద అది 21.5 శాతం. మన పురిటి ఆచారాలు ఏర్పడిన కాలంలో బాలింతకు పొట్ట మీద ఆపరేషన్ గాయం లేదు. ఇప్పుడు చాలామంది బాలింతలు ఆపరేషన్ అయిన రోగులు కూడా. అలాంటప్పుడు అసలు లేవనివ్వకూడదు కదా అనిపిస్తుంది. సాక్ష్యం అందుకు ఎదురుగా ఉంది. కాళ్ల సిరల్లో రక్తం నిలిచిపోకుండా ఉండాలంటే ఆపరేషన్ అయిన ఇరవై నాలుగు గంటల్లోపే లేచి నాలుగు అడుగులు వేయాలి. బరువులు ఎత్తడం మాత్రం వేరే సంగతి. చర్మం మీది కుట్లు వారం పది రోజుల్లో అతుక్కుంటాయి కానీ దాని కింది గట్టి పొరకు బలం రావడానికి నెలలు పడుతుంది. నడుముకు గుడ్డ కట్టడం ఆసరాగా, హాయిగా అనిపించవచ్చు. గర్భసంచి మాత్రం దానివల్ల త్వరగా తగ్గదు, మరీ బిగిస్తే బరువు కటి కండరాల మీద పడుతుంది. కాన్పు దగ్గరపడేసరికి దాదాపు అందరు గర్భవతులకూ పొట్ట నడిమి కండరాలు రెండుగా ఎడమవుతాయి. ఆరు నెలల తర్వాత కూడా పదిమందిలో నలుగురికి ఆ ఎడం మిగిలే ఉందని 2015లో పోర్చుగల్ పరిశోధకులు చూపించారు. మూత్రం ఆపుకున్నట్టు కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామాన్ని అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కీగల్ 1948లో ప్రచారంలోకి తెచ్చాడు. తుమ్మినా దగ్గినా మూత్రం జారే ఇబ్బందికి మందులేని వైద్యం అది. ఆ ఇబ్బందిని పిల్లల తల్లులకు మామూలేనని సరిపెట్టుకోనక్కర్లేదు.

ఇంతకీ మన అమ్మమ్మలు ఈ పథ్యాలతోనే ఆరుగురిని, ఎనిమిదిమందిని కనలేదా అన్న ప్రశ్న వస్తుంది. కన్నారు. అయితే ఆ మాట చెప్పగలిగినవాళ్లు బతికి బయటపడినవాళ్లే. పురిటిలోనే పోయినవాళ్లు వాదనకు రాలేరు. 2018–20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. ఒకప్పటితో పోలిస్తే ఇంత తగ్గడం రక్తమార్పిడి, యాంటీబయాటిక్స్, ఆక్సిటోసిన్, ఆస్పత్రి కాన్పుల పుణ్యం, పథ్యాలది కాదు. అదే న్యాయంతో ఆచారానికి దక్కాల్సిన గౌరవమూ ఇవ్వాలి. తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకురావడం, నెలలపాటు ఇంటిపని చెప్పకపోవడం, రాత్రిళ్లు బిడ్డను ఎత్తుకోవడానికి మరో మనిషి ఉండటం చాలా దేశాల్లో తల్లులకు దక్కని వసతులు. మరి కాన్పయిన కొద్ది వారాలకే ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు ఉన్నారు కదా, అంత విశ్రాంతి అవసరమా అనేవారికి ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు 2025లో జవాబిచ్చారు. దాదాపు మూడు లక్షల కాన్పులకు సంబంధించి 76 రకాల పరీక్షల ఫలితాలను వాళ్లు వరసపెట్టి చూశారు. సగానికి కాస్త తక్కువ కొలతలే మొదటి నెలలో నిలకడకు వచ్చాయి. 41 శాతం కొలతలకు పది వారాలకు పైగా, కొన్నిటికి దాదాపు ఏడాది పట్టింది. తిరిగి పనిలోకి వెళ్లగలగడం, ఒళ్లు పూర్తిగా కోలుకోవడం ఒకటి కావు.

చివరిది పర్యవేక్షణ. రక్తపోటు కాన్పయిన మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య ఎక్కువగా పెరుగుతుంది. తల్లిని ఆస్పత్రి నుంచి పంపించేసే రోజులు సరిగ్గా అవే. గర్భంలో బీపీ మామూలుగా ఉన్నవాళ్లకు కూడా ఆ తర్వాత గుర్రపువాతం (ఎక్లాంప్సియా) రావచ్చు. తల్లిని కనీసం ఇరవై నాలుగు గంటలు ఆస్పత్రిలో ఉంచాలని, ఆపైన రెండు మూడు రోజులకు, ఒకటి రెండు వారాల మధ్య, ఆరో వారంలో మళ్లీ చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మన దగ్గర ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలన్న నియమం ఇప్పటికే ఉంది కానీ దాని గురి ప్రధానంగా బిడ్డే. అదే రాకలో తల్లి బీపీ చూసి, జ్వరం ఉందా, రక్తం ఎలా పోతోంది అని అడిగితే కొత్త పథకం అవసరం లేకుండానే చాలా ప్రమాదాలు ముందే దొరుకుతాయి. ఇంట్లోవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవీ కొన్నే. గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం, చలితో జ్వరం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్, ఒక కాలు వాచి నొప్పి పెట్టడం, ఉన్నట్టుండి ఆయాసం. వీటిలో ఏది కనిపించినా బాలింతకు ఇవన్నీ మామూలే అని ఆగకుండా అదే రోజు, అదే గంటలో ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మంచం దిగవద్దన్నప్పుడు మన పెద్దలు బాలింత మంచే కోరారు. ఆ కోరిక తీరాలంటే ఆమె చేతిపని తగ్గిస్తే చాలు. గ్లాసులో నీళ్లు, కంచంలో కూర తగ్గించనక్కర్లేదు.