బలం చేతిలో ఉందా, నడుములో ఉందా?

పిల్లలూ! కోనసీమ కాలువగట్ల మీద విసురువల వేసేవాణ్ణి మీరు చూసే ఉంటారు. ఈసారి అతని చేతులు కాదు, నడుము చూడండి. ముందు వలతో సహా వెనక్కు తిరుగుతాడు. తరవాత నడుమును గిరుక్కున ముందుకు తిప్పుతాడు. చేతులు ఆ వెనకనే వస్తాయి. వల దూరంగా పడాలంటే నడుము బాగా తిరగాలి. కాళ్ళ దగ్గిరే పడాలంటే కొద్దిగా తిరిగితే చాలు.

షటిల్ బాడ్మింటన్‌లోనూ ఇదే కిటుకు ఉంది. 2000లో అమలాపురంలో పుట్టిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్, 2023 ఏప్రిల్ 14న జపానులో ఒక స్మాష్ కొట్టాడు. బ్యాటును విడిచిన క్షణంలో షటిల్ వేగం గంటకు 565 కిలోమీటర్లు! పురుషులలో ప్రపంచ రికార్డుగా అది గిన్నిస్ గ్రంథానికి ఎక్కింది. అంతకుముందు 2013లో మలేషియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్ కొట్టినది 493 కిలోమీటర్లు.

సుమారు 5 గ్రాముల షటిల్‌కు ఇంత వేగం ఎలా వచ్చింది? ఒక్క చేతివల్ల కాదు. ముందు కాళ్ళు నేలను తన్నుతాయి. ఆ బలంతో తుంటి తిరుగుతుంది. దాని వెనక మొండెం, భుజం, మోచెయ్యి, ముంజెయ్యి వరసగా కదులుతాయి. ప్రతి భాగమూ తనకు ముందు కదిలిన దానికన్న వేగంగా తిరుగుతుంది. చెర్నాకోల పిడి మెల్లిగా కదిలినా కొస ఛెళ్ళుమనటం లేదూ? ఇదీ అంతే.

అయితే నడుము ప్రతిసారీ ఒకేలా తిరగదు. షటిల్ వచ్చే చోటును బట్టి మారుతుంది. కుడిచేతివాటం ఆటగాడికి షటిల్ కుడిభుజం పైన ఎత్తుగా వచ్చిందనుకోండి. అతను కుడికాలు వెనక్కు వేసి, ఎడమభుజం నెట్టు వైపు ఉండేలా పక్కకు తిరుగుతాడు. కొట్టేటప్పుడు కుడితుంటి ముందుకు వస్తుంది. షటిల్ ఎడమవైపు తలమీదుగా వస్తే అంతగా తిరిగే వ్యవధి సాధారణంగా ఉండదు. ఒళ్ళు ఎడమకు వాలుతుంది. నేరుగా పొట్టమీదికే దూసుకువస్తే నడుము తిప్పటానికి వేళే లేదు. అప్పుడు ముంజెయ్యీ వేళ్ళూ పని చెయ్యాలి.

మీరూ ఒక పరీక్ష చెయ్యండి. గుడ్డబంతిని మొదట బాసింపట్టు వేసుకుని కూర్చుని విసరండి. తరవాత పాదాలు కలిపి నిలబడి విసరండి. మూడోసారి పక్కకు తిరిగి, అడుగు ముందుకు వేస్తూ, నడుము తిప్పి విసరండి. ప్రతిసారీ దూరాన్ని అడుగులతో కొలిచి రాసుకోండి. చెయ్యి అదే, బంతి అదే. దూరం ఎంత మారిందో మీకే తెలుస్తుంది. కనక చేతులు సన్ననివని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

పెద్దలకు ఒక మాట. నడుము తిప్పని పిల్లవాడు ఆ లోటును భుజంతో పూడ్చుకుంటాడు. రోజూ అలాగే ఆడితే భుజం నొప్పి పుట్టి, ఇష్టమైన ఆటనే మానుకోవలసి రావచ్చు. అందుచేత "గట్టిగా కొట్టు!" అని కేకవేసే బదులు, "తిరిగి కొట్టు!" అని చెప్పండి.