మధ్యయుగ ఇంగ్లండులో నైటు హోదా నిర్ధారణ

మధ్యయుగ ఇంగ్లండులో జీవించిన ఒక వ్యక్తి నిజముగా నైటు అవునా, కాదా అని ఆ కాలపు పత్రముల ఆధారముగా తేల్చుట వంశచరిత్ర పరిశోధనలో తరచు ఎదురగు సమస్య. రాజుగాని, మరొక నైటుగాని లాంఛనముగా ఆ హోదా ప్రసాదించిన యోధుని నైటు అందురు. ఇంగ్లీషు కుటుంబములలో "మా పూర్వీకుడు నైటు" అను మాట తరతరములుగా వినవచ్చుచుండును. దానికి సాక్ష్యముగా పెద్ద భూస్వామ్యమును, డాలుపై వంశచిహ్నమును, చర్చిలో కవచధారి సమాధి బొమ్మను, పేరుకు ముందున్న 'సర్' అను మాటను చూపుదురు. వీటిలో ఏదియు దానంతట అది రుజువు కాదు.

హోదా స్వభావము

నైటు హోదా వ్యక్తిగతమైనది. తండ్రి నుండి కొడుకుకు రాదు. దీనికి తెలుగువారు ఎరిగిన ఉదాహరణలు ఉన్నవి. ధవళేశ్వరము ఆనకట్ట నిర్మించిన ఆర్థర్ కాటన్ 1861లో నైటు హోదా పొంది 'సర్' అయినాడు. ఆ హోదా ఆయనతోనే ముగిసినది. దత్తమండలాల కలెక్టరుగా పేరొందిన థామస్ మన్రోకు 1825లో లభించిన బారొనెట్ బిరుదము మాత్రము కుమారునికి సంక్రమించినది. వారసత్వముగా వచ్చు ఈ బారొనెట్ బిరుదమును మొదటి జేమ్స్ రాజు 1611లో ఏర్పరచినాడు. కావున అంతకు పూర్వము 'సర్' అను మాట ఒక ఇంట వారసత్వముగా వచ్చినదని చెప్పు వంశవృక్షమును అనుమానింపవలెను.

ధనవంతులందరు నైట్లు కాలేదు. గుర్రము, కవచము ఖర్చుతో కూడినవి. పైగా నైటు అయినవాడు న్యాయసభలలోను, జిల్లా పరిపాలనలోను జీతము లేని పనులు ఎన్నో చేయవలసి వచ్చెడిది. అందుచే చాలామంది భూస్వాములు ఈ గౌరవమును తప్పించుకొనిరి. మూడవ హెన్రీ 1224 నుండి తగినంత భూమి గలవారు నైట్లు కావలెనని ఆజ్ఞాపించుచు వచ్చినాడు. ఆ తరువాత కాలములో ఆదాయపు హద్దు ఒకప్పుడు సాలుకు 20 పౌండ్లుగాను, మరొకప్పుడు 40 పౌండ్లుగాను ఉండెడిది. జరిమానా చెల్లించి ఊరకున్నవారును కలరు. మొదటి ఛార్లెస్ 1630 ప్రాంతమున ఈ జరిమానాలనే ఖజానా నింపుకొను మార్గముగా చేసికొనగా, 1641లో పార్లమెంటు ఆ పద్ధతిని రద్దుచేసినది. ఇందుకు భిన్నముగా ఒక్కరోజులో నైట్లు అయినవారును ఉన్నారు. 1306 మే 22న వెస్ట్‌మినిస్టరులో మొదటి ఎడ్వర్డు తన కుమారునితో పాటు 260 మందికి పైగా యువకులను నైట్లుగా చేయించినాడు.

'నైటు మాన్యము' అనబడు భూమి విషయము కూడ ఇట్టిదే. అది సైనిక సేవ లెక్కకు ఏర్పడిన భూమి. స్త్రీలు, క్రైస్తవ మఠములు సైతము దానిని అనుభవించినవి.

ఛాసర్ ఉదాహరణ

పేరును బట్టి మోసపోకుండుటకు కవి జెఫ్రీ ఛాసర్ జీవితము కంటె మంచి పాఠము లేదు. 1386 అక్టోబరులో ఆయన కెంట్ కౌంటీ తరఫున పార్లమెంటులో 'నైట్ ఆఫ్ ది షైర్' అను పేరుతో సభ్యుడు. అదే నెలలో స్క్రోప్, గ్రోవనర్ అను రెండు వంశముల మధ్య నీలి డాలుపై బంగారు పట్టీ చిహ్నము ఎవరిదను వ్యాజ్యములో ఆయన సాక్ష్యమిచ్చినాడు. ఆ సాక్ష్యపు పత్రము ఆయనను 'ఎస్క్వైరు' అని, అనగా నైటుకు క్రింది హోదా గలవానిగా, నమోదు చేసినది. ఛాసర్ యుద్ధమునకు వెళ్ళినాడు, శత్రువుల చేత చిక్కినాడు, కాని ఏనాడును నైటు కాలేదు. 'నైట్ ఆఫ్ ది షైర్' అనునది కౌంటీ ప్రతినిధి పదవి పేరు మాత్రమే. 1445 నాటి చట్టము కూడ ఆ పదవికి పేరుగల ఎస్క్వైర్లను అర్హులుగా అంగీకరించినది.

ఆయన కుమారుడు థామస్ ఛాసర్ అనేక పర్యాయములు కామన్స్ సభకు స్పీకరుగా ఉండి 1434లో మరణించినాడు. ఆక్స్‌ఫర్డ్‌షైరులోని యూయెల్మ్ చర్చిలో ఆయన సమాధిపైనున్న ఇత్తడి ఫలకముపై నిలువెల్ల కవచము ధరించిన బొమ్మ ఉన్నది. చూచినవారెవరైనను నైటు అనుకొందురు. కాని లాటిను శాసనములో ఉన్న మాట 'ఆర్మిజర్', అనగా ఎస్క్వైరు. అదే శాసనము ఆయనను ఆ ఊరికి 'డోమినస్' అనుచున్నది. ఇచ్చట దాని అర్థము భూస్వామి అని మాత్రమే. కాళ్ళు అడ్డముగా వేసికొన్న సమాధి బొమ్మ క్రూసేడు యోధునిదను ప్రచారమునకు సైతము ఆధారము లేదు.

పత్రములలో చూడవలసిన మాటలు

లాటిను పత్రములలో నైటుకు 'మిలెస్' అనియు, ఫ్రెంచి వాడుకలో 'షివలేర్' అనియు వ్రాయుదురు. అయితే 1086 నాటి డూమ్స్‌డే గ్రంథములో 'మిలెస్' అనగా తరచు సామాన్య సైనికుడే. ఆ మాటకు గౌరవార్థము క్రమముగా స్థిరపడినది. 'సర్' విషయములో మరింత జాగ్రత్త అవసరము. విశ్వవిద్యాలయ పట్టము లేని చర్చి పూజారులను కూడ మర్యాదగా 'సర్' అని పిలిచెడివారు. షేక్స్పియరు నాటకములోని సర్ హ్యూ ఎవాన్స్ ఇట్టి పూజారియే.

బలమైన ఆధారములు కొన్ని కలవు. రెండవ హెన్రీ 1179లో ప్రవేశపెట్టిన 'గ్రాండ్ అసైజు' అను భూవివాద విచారణలో నలుగురు నైట్లు కలిసి పన్నెండుగురు నైట్లను ఎన్నుకొనవలెను. అందు కూర్చున్నవాని హోదా దాదాపు నిశ్చితము. 1413 నాటి ఒక చట్టము న్యాయస్థానపు పత్రములలో వ్యక్తి హోదానో, వృత్తినో తప్పక వ్రాయవలెనని శాసించినది. వంశచరిత్రకారులకు ఇది గొప్ప మేలు చేసినది. శతవర్ష యుద్ధ కాలపు జీతపు పట్టీలు మరింత నమ్మదగినవి, ఏలయన రోజుకు నైటుకు 2 షిల్లింగులు, ఎస్క్వైరుకు 1 షిల్లింగు, గుర్రపు విలుకానికి 6 పెన్నీలు ఇచ్చెడివారు. లెక్క వ్రాయువాడు ఊరకే రెట్టింపు జీతము వ్రాయడు గదా! 1369–1453 నడుమ పనిచేసిన సైనికుల పేర్లు ఇప్పుడు ఇంటర్నెట్టులో వెదకుటకు వీలుగా ఉన్నవి. రాజపత్రములలో ఎక్కువ భాగము లండనులోని క్యూ వద్దనున్న జాతీయ అభిలేఖాగారములో కలవు.

ఒకే వ్యక్తి ఒక సంవత్సరపు దస్తావేజులో హోదా లేకుండను, కొన్నేండ్ల తరువాత 'మిలెస్' అనియు కనిపించినచో ఆ నడుమ నైటు అయినాడని ఊహింపవచ్చును. ఒక్క పత్రములో ఆ మాట లేనంత మాత్రమున కాదని తీర్మానింపరాదు. లేఖకులు విడిచిపెట్టుటయు కలదు. 1530 మొదలు 1688 వరకు వంశచిహ్నాధికారులు ఊరూరు తిరిగి సేకరించిన వంశావళులలో సమీప తరముల వివరములు ఉపయోగకరములే. పూర్వ తరములకు మాత్రము అవి ఇంటివారి మాటపై ఆధారపడినవి.

ఒకే పేరుగల వ్యక్తులు

చర్చి రిజిస్టర్లు 1538లో గాని మొదలు కాలేదు. అందుచే అంతకు ముందు ఒకే పేరుగలవారిని వేరుచేయుట కష్టము. 'ల మోర్ట్ డార్తర్' కర్త థామస్ మాలరీ విషయములో ఈ చిక్కు ప్రసిద్ధము. ఆ కాలములో ఆ పేరుగలవారు వార్విక్‌షైరులోని న్యూబోల్డ్ రెవెల్, కేంబ్రిడ్జి సమీపమున పాప్‌వర్త్, యార్క్‌షైరులోని హటన్ కోనియర్స్ గ్రామములలో ఉండిరి. 1966లో విలియం మాథ్యూస్ అను పండితుడు యార్క్‌షైరు మాలరీయే గ్రంథకర్త అని వాదించినాడు. కాని 1934లో వించెస్టరులో బయటపడిన వ్రాతప్రతిలో గ్రంథకర్త తనను ఖైదీయైన నైటుగా చెప్పుకొన్నాడు. ఆ మువ్వురిలో నైటు అని పత్రములలో కనిపించువాడు న్యూబోల్డ్ రెవెల్ మాలరీ. 1441 నాటికే ఆయన పేరు ప్రక్కన ఆ హోదా ఉన్నది. ఈ కారణము చేతనే అధిక సంఖ్యాకులైన పండితులు ఆయననే గ్రంథకర్తగా అంగీకరించుచున్నారు.