ఆంగ్లభాషలోని చుట్టఱికపు మాటలు



2022-23వ విద్యాసంవత్సరమునుండి తెలంగాణమునందలి ప్రభుత్వ పాఠశాలలలోఁ గూడ ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టఁబడినది. అందుచేత మా కోస్గి వంటి యూళ్లలోను బిల్లలు దినదినము కొన్ని క్రొత్త యాంగ్లపదములను ఇంటికిఁ దెచ్చుచున్నారు. విద్య పెరుగుట మనకు సంతోషమే. కాని యా పదములలో రెండుమూఁడు మాత్రము బడిపుస్తకమును విడిచి మన వాకిట నిలిచి, యింటివారి పేళ్లనే మార్చుచున్నవి. అవి అంకుల్, ఆంటీ, కజిన్ అనునవి. వీని పూర్వచరిత్ర మెఱిఁగినచో వీని నెక్కడ నుంచవలయునో మనకే తెలియఁగలదు.

అంకుల్ అను మాటకు మూలము లాటిను భాషలోని అవుంకులుస్ అను పదము. దాని యక్షరార్థము ‘చిన్నతాత’, వ్యవహారమున మేనమామ. తండ్రి తోఁబుట్టిన వానిని రోమకు లా మాటతోఁ బిలువలేదు. అతనికి పత్రువుస్ అని వేఱొక పేరు గలదు. సంస్కృతము చదివిన సోదరీమణులకు ఇచ్చటఁ బితృవ్యశబ్దము స్ఫురింపకపోదు. నిజముగా నా రెండు పదములు నేకమూలమునుండి పుట్టినవే. అటులే ఆంట్ అనుదానికి మూలమైన అమిత యనఁగా మేనత్త. కజిన్ అనుదాని మూలపదము మొదట తల్లి యక్కచెల్లెండ్ర బిడ్డలకే చెల్లెడిది. చూడుఁడు! నేఁ డందఱికి నొక్కటే యైన మాటలు పూర్వ మొక్కొక్క బంధువునకే యేర్పడినవి.

సంస్కృతమునకును లాటినునకును నీ పోలిక యెట్లు గలిగె నని యడుగవచ్చును. 1786వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీని కలకత్తాలోని ఏసియాటిక్ సొసైటీ సభలో సర్ విలియం జోన్సు దొర, సంస్కృతము, గ్రీకు, లాటిను భాషలు ఒకే మూలమునుండి పుట్టియుండు నని చెప్పెను. ఆంగ్లము నా కుటుంబములోనిదే. మాతృ – మదర్, భ్రాతృ – బ్రదర్, దుహితృ – డాటర్ అను జంటలను బిల్లలచేఁ బలికించిన నీ సంగతి వారికే తోఁచును.

ఇంతకంటె వింత యొకటి గలదు. వేయేండ్లకుఁ బూర్వపు టాంగ్లములో మేనమామ యొకఁడు, పినతండ్రి యొకఁడు. ఇరువురికి వేఱువేఱు పేళ్లుండెను. అత్తవారింటి కేఁగిన కోడలికిని నచ్చట నిండు మాట లుండెను. కోడలిని స్నోరు అనిరి. అది మన స్నుష. భర్త సోదరుని తాకోర్ అనిరి. అది మన దేవర. దంతము టూత్ అయినట్లు, దశ టెన్ అయినట్లు, మన దకార మచ్చట టకారమగుట పరిపాటి. శ్వశురునకును శ్వశ్రువునకును నటులే సోదరపదము లుండెను.

అవి యేమయ్యెను? 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిరి. ప్రభువుల యిండ్ల ఫ్రెంచి మాటలు క్రమముగా జనుల నోట నెక్కెను. అంకుల్ వచ్చి మేనమామను బినతండ్రినిఁ గలిపివేసెను. ఆంట్ వచ్చి మేనత్తను బినతల్లిని నొకటి చేసెను. కోడలు ‘చట్టముచేఁ గూఁతురు’ అయ్యెను, అత్త ‘చట్టముచేఁ దల్లి’ అయ్యెను. ఆ చట్టము వారి మతశాసనము. చుట్టఱికమువలన నెవరి నెవరు పెండ్లాడరాదో విధించునది. ఆ పాత మాటలను నశింపఁజేయవలెనని యెవ్వరు నాజ్ఞాపింపలేదు. తల్లులు పలుకుట మానిరి, బిడ్డలు వినుట మానిరి, అంతే.

మన తెలుఁగు వేఱు కుటుంబములోనిది. ద్రావిడభాషలు సంస్కృతజన్యములు గావని 1816లో ఎల్లిసు దొర నిరూపించెను. మన చుట్టఱికపు మాటల యమరికయు మనదే. పెదతండ్రి కొడుకు అన్నయో తమ్ముఁడో యగును. మేనమామ కొడుకు బావయో మఱఁదియో యగును. మొదటివానితో వివాహము తలఁపరానిది, రెండవవానితో మేనరికము చెల్లెడిది. అందుచేతనే మేనమామకు, భర్త తండ్రికి మామ యను నొక్క పేరు కుదిరినది. దగ్గఱి మేనరికములు వలదని వైద్యులు చెప్పుచున్నారు, ఆచారమును దగ్గుచున్నది. మాట మాత్ర మా చరిత్రను దాఁచియుంచినది. 1871లో అమెరికాలో మోర్గను అను పండితుఁడు జాతుల బంధువాచకములను గూర్చి ప్రకటించిన మహాగ్రంథములోఁ దెలుఁగు మాటలకును స్థానము దొరకినది. పరదేశి పట్టిక వేసి దాఁచినదానిని మనము పారవేయుదుమా?

అన్యభాషాపదమే కూడదని నా మతము గాదు. బస్సు వచ్చినపుడు దాని పేరును వచ్చినది. దవాఖానా, కచేరీ అనునవి ఉర్దూనుండి వచ్చి మన పాలమూరు సీమలోఁ గుదురుకొన్నవి. లేనిదానికిఁ బేరు దెచ్చుకొనుట లాభము. ఉన్న పేళ్లు నాలుగింటిని విడిచి యొకటి దెచ్చుకొనుట నష్టము. పెండ్లికూఁతును గంపలోఁ గూర్చుండఁబెట్టి తెచ్చువాఁడు మేనమామ. ‘అంకుల్’ కా పని యెవ్వరు నొప్పగింపలేదు. పేరుతోఁ గూడ విధి వచ్చును, పేరుతోఁ గూడఁ బోవును. ఇఁక వీధిలోని పరాయివారిని మర్యాదగాఁ బిలుచుటకు మాట గావలె నందురా? అన్న, అక్క, పెద్దమ్మ, పెద్దాయన యను పిలుపులు మన యూళ్ల కెన్నఁడు గొదవ కాలేదు.

ఆంగ్లము రాని తల్లియు నీ విషయమున బిడ్డకు గురువు కాఁగలదు. బిడ్డ పాఠములో అంకుల్ అని చదివినపుడు, “అమ్మ వైపువాఁడా, నాన్న వైపువాఁడా?” యని యడుగుఁడు. బ్రదర్ అన్నపుడు, “పెద్దవాఁడా, చిన్నవాఁడా?” యని యడుగుఁడు. పాఠములో జవాబు దొరకనిచో, ఆ భాష చెప్పక విడిచినది మన భాష చెప్పునని బిడ్డకే తెలియును. తెలుఁగునుండి యాంగ్లమునకు మార్చునపుడు మేనమామను ఒట్టి అంకుల్ అని విడువక, ‘మా తల్లి సోదరుఁడు’ అను నర్థము వచ్చునట్లు వ్రాయ నేర్పుఁడు. ఇందువలన రెండు భాషలును జక్కఁబడును.

అమరకోశమును వల్లించిన మన యవ్వలు మనుష్యవర్గములో నీ బంధువుల పేళ్ల నన్నిటిని వరుసగా నప్పగించెడివారు. అంత లేకున్నను, పండుగనాఁడు చుట్టములు వచ్చినపుడు బిడ్డ నెదుటఁ గూర్చుండఁబెట్టుకొని, వీరు నీకేమి కావలెనో చెప్పుమని యడుగుట మన చేతిలోని పని. బడి నేర్పవలసినది బడి నేర్పును. వరుసలు నేర్పవలసినది యిల్లే.